చిన్నల్లుడి బుధవారాలు

జూన్ 4

చిరంజీవి బావమరిదికి,

నీ దీవి వాతావరణ కేంద్రంలో గాలి కొలిచే గిన్నెలూ, వాన కొలిచే డబ్బాలూ క్షేమమని తలుస్తాను. పదిహేను రోజులకోసారి కదిలే పడవని నమ్ముకుని ఉత్తరాలు రాసుకునేవాళ్లు ఈ భూమ్మీద మనిద్దరమే మిగిలినట్టున్నాం. అయినా నాకిదే బాగుంది. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు.

ఇది ఫిర్యాదు ఉత్తరం. ముద్దాయి, నువ్వు పోయినేడు వెళుతూ వెళుతూ మా హాల్లో టీవీ కింద అమర్చిపెట్టిన ఆ కంప్యూటర్. సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు అన్నీ ఇందులోనే, ముసలి టీవీకి ఇదే ప్రాణం అని ఊదరగొట్టావు కదా. మీ ఇంటికి పెద్దల్లుణ్ణి నేను కాబట్టి దానికి చిన్నల్లుడని పేరు పెట్టాను. పనీ పాటా ఉండదు. మూడు నెలలకోసారి లేపితే, లేచీ లేవగానే మర్యాదలన్నీ జరిగితే తప్ప నోరు విప్పడు.

మొన్న ఆదివారం మేడ మీద వాళ్లూ పక్కింటివాళ్లూ పద్నాలుగు మంది వచ్చారు, మా అమ్మాయి పెళ్లి వీడియో చూద్దామని. స్విచ్ వేశాను. ‘అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపవద్దు, 3 శాతం’ అంది తెర. గంటన్నర తర్వాత నలభై ఒకటి. మేడ మీద పెద్దాయన అప్పటికే గురక. నాకు తిక్క రేగి ప్లగ్గు పీకేశాను. మళ్లీ పెడితే తెరంతా నలుపు. జనం చెప్పులు వేసుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఆస్పత్రిలో కరెంటు పని చేస్తున్నవాణ్ణి, ఆపరేషన్ గదుల్లో దీపాలు వెలిగించేవాణ్ణి, నా హాల్లో పెళ్లి వీడియో వెలిగించలేకపోయాను. పరువు గంగలో కలిసింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, గుట్టుగా ఉంచు. ఆగస్టు 31తో మీ అక్క బస్సు దిగిపోతోంది. ఇరవై ఆరేళ్లు పన్నెండో నంబరు బస్సు నడిపింది. డిపోలో దండ వేసి ఓ గోడగడియారం ఇస్తారు. అది చాలదు నాకు. ఆ రూట్లో ఇరవై ఒక్క స్టాపులున్నాయి. ప్రతి స్టాపులోనూ ఏళ్ల తరబడి ఆమె బస్సెక్కినవాళ్లని ఫోన్‌తో వీడియో తీసి, అన్నీ కలిపి, ఆ సాయంత్రం హాల్లో అందరి ముందూ వెయ్యాలి. ఆమెకి ముందుగా తెలియకూడదు. ఆ రోజు గనక చిన్నల్లుడు ‘దయచేసి ఆపవద్దు’ అన్నాడంటే నేను నిజంగా నీ దీవికొచ్చి ఉండిపోతాను.

దారి చెప్పు.

నీ బావ

*

జూన్ 16

బావగారికి నమస్కారాలు.

ఈసారి ‘మీరు’ అని మర్యాదగా రాద్దామనుకున్నాను. మీ ఉత్తరం రెండో పేజీకే ఆ మర్యాద కాస్తా అయిపోయింది. బావా, అప్‌డేట్ నడుస్తుండగా ప్లగ్గు పీకావా? రోగిని బల్ల మీద పడుకోబెట్టి, సగం కుట్లు వేశాక దీపాలు ఆర్పేస్తావా మీ ఆస్పత్రిలో?

పోనీలే. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేను వచ్చేముందు దానికి ఓ ఏర్పాటు చేశాను. నీకూ చెప్పాను, నువ్వేమో క్రికెట్ చూస్తూ ఊఁ కొట్టావు. ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడింటికి, ఎవరూ ఇంట్లో ఉండని వేళ, అది తనంతట తానే లేస్తుంది. కావలసినవి తెచ్చుకుని, సర్దుకుని, మళ్లీ పడుకుంటుంది. వారం వారం అయితే ఐదు నిమిషాల పని. ఎవరూ వాడని యంత్రానికే ఇది మరీ అవసరం. ఇక్కడ నా ఉద్యోగమే అది. ఎవరూ చూడని యంత్రాలు ఎవరూ చూడకుండానే బాగుండేట్టు చూడటం. అలాంటిది మీ ఇంట్లో గంటన్నర పట్టిందంటే వారాల తరబడి లేవనేలేదన్నమాట. ఎందుకు లేవలేదు? ప్లగ్గు ఉంటే కదా లేవడానికి!

నీ రూలు నాకు తెలుసు: ‘వాడనిది పీకెయ్.’ మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, చివరికి పెళ్లికెళితే విడిదింట్లో కూడా ప్లగ్గులన్నీ పీకి వచ్చావు. ఆ రూలు దీనికి సడలించు. సెట్టింగుల్లో ‘చివరి అప్‌డేట్’ అని ఒక వరుస ఉంటుంది. మీరిద్దరూ చదువుకోవాలనే అన్నీ మన భాషలో పెట్టాను. ఆ తేదీ చూసి రాయి. నువ్వు చేత్తో ఏమీ నొక్కకు, నొక్కితే ఓపిక చాలక మళ్లీ పీకుతావు. ఊరికే వదిలెయ్. పాతవన్నీ పేరుకుపోయాయి కాబట్టి ఒక్కరోజులో తేలదు. నాలుగైదు బుధవారాలు పడుతుంది. కొత్త ఫోన్లతో తీసిన వీడియోలు ఆడాలన్నా అవన్నీ పూర్తవ్వాలి.

అక్క సంగతి చదివి చాలా సంతోషించాను. నాకు సెలవు దొరకదు, నా బదులు వచ్చేవాడు అక్టోబరు దాకా రాడు. నా తరఫున కూడా నువ్వే చెయ్యాలి.

బావమరిది

*

జూలై 2

బావమరిదీ,

కాసేపు ఊరికే వదిలేస్తే నలుపు పోయి తెర తనే వచ్చింది. తేదీ చూశాను. చివరి అప్‌డేట్: పదకొండు నెలల క్రితం. తప్పు నాదే, ఒప్పుకున్నాను. ఆ ప్లగ్గు పెట్టాను. పెట్టి దాని వైపు చూడకుండా పక్క గదిలోకి వెళ్లాను. ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు.

కానీ ఇంకో సంగతి. ఇది నీతో తప్ప ఎవరితోనూ అనలేను. గురువారం పొద్దున చూస్తే ప్లగ్గు ఊడి ఉంది. వైరు చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండు కూడా వేసి ఉంది, అచ్చం నేను చుట్టినట్టే. నేను తియ్యలేదు. తీసినట్టు గుర్తు లేదు. మళ్లీ పెట్టాను. తర్వాతి గురువారం మళ్లీ అంతే. నాకు తెలియకుండా నా చెయ్యే తీస్తోందంటే దాని అర్థం ఏమిటి? మా పెద్దన్నయ్యకి ఇలాగే మొదలైంది. ముందు కళ్లజోడు, తర్వాత తాళాలు, ఆఖరికి నా పేరు. నాకు భయంగా ఉంది.

మీ అక్క కూడా ఏదో పసిగట్టింది. ఎప్పుడూ లేనిది, పొద్దున్నే నా అద్దాలూ తాళాలూ తనే తెచ్చి చేతిలో పెడుతోంది. నిన్న టీ ఇస్తూ, ఏమీ ఎరగనట్టు, “ఇవాళ ఏ వారం?” అంది. “శుక్రవారం” అన్నాను. “ఆఁ, అవును” అని నా మొహంకేసి కాసేపు చూసింది.

స్టాపుల పని మాత్రం జోరుగా ఉంది. తొమ్మిదయ్యాయి. గడియారాలు బాగుచేసే ఆయన, ముగ్గురు నర్సులు, లైబ్రరీ స్టాపులో ఎక్కి కూర్చోగానే నిద్రపోయే ఆ పొడుగాయన. ఆయనని ఇరవై ఏళ్లుగా మీ అక్కే కేకేసి లేపి దింపుతోందట! మా ఎక్స్‌రే తీసే మిత్రుడు ఇవన్నీ అతికిస్తున్నాడు. రేపు నాకేమైనా అయితే అతన్ని అడిగి తీసుకో.

పార్సిల్‌లో మీ అక్క అల్లిన స్వెట్టర్ ఉంది. తనే కట్టింది.

నీ బావ

*

జూలై 17

బావా,

ముందు కూర్చో. మంచినీళ్లు తాగు. నీకు ఏ జబ్బూ లేదు.

స్వెట్టర్ తొడుక్కుని జేబులో చెయ్యి పెడితే చీటీ దొరికింది. “బావతో అనకు” అని మొదలవుతుంది కాబట్టి నీతో అనకూడదు. అయినా అంటున్నాను. అక్క రాతలోనే చదువు:

“బావతో అనకు. మీ బావకి ఈమధ్య మతిమరుపు వస్తోందిరా. ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా ప్లగ్గు వదలని మనిషి, టీవీ కింద పెట్టెకి పెట్టి మర్చిపోతున్నారు. నా వీక్లీ ఆఫ్ ఇప్పుడు బుధవారానికి మారింది కదా, ఇల్లు సర్దుతూ చూసి నేనే తీసేస్తున్నాను. ఆయన చుట్టినట్టే చుట్టి పెడుతున్నాను, తను మర్చిపోయినట్టు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని. మంచి డాక్టర్ ఎవరైనా ఉంటే రాయి.”

చదివావా? నువ్వు పెడుతున్నావు, ఆమె తీస్తోంది. నీకు మతి పోయిందని ఆమె బెంగ, మతి పోయిందని నీ బెంగ. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు కుమిలిపోతున్నారు! నేను వదలని జలుబుతో, ఆ స్వెట్టర్‌తోనే కొండెక్కి ఒంటరిగా నవ్వుతుంటే మా వంటాయన వచ్చి జ్వరం ఉందేమోనని నుదురు పట్టి చూశాడు. ఇప్పుడంటే నవ్వాను గానీ బావా, నిజం చెబుతున్నాను. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. చీటీ మూడోనాడు దొరికింది.

ఇప్పుడు పని సులువు. అక్కకి నిజం చెప్పెయ్. ‘పెట్టెకి వారానికోసారి అప్‌డేట్ కావాలి, ప్లగ్గు తియ్యకు’ అంతే. సినిమా ఊసెత్తకు. ఇందులో అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు. నువ్వు అబద్ధం ఆడితే నీ చెవులు ఎర్రబడతాయని లోకమంతటికీ తెలుసు.

బావమరిది

*

జూలై 30

ప్రియమైన బావమరిదీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి వంటింట్లోకి వెళ్లి, కూరగాయలు తరుగుతున్న మీ అక్క వెనక నిలబడి, “ఇవాళ శనివారం, తేదీ ఇరవై మూడు, మన పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్ల రెండు నెలలు” అన్నాను. ఆమె కత్తి కింద పెట్టి, “ఏమిటీ పరీక్ష పాసైన మొహం?” అంది. చీటీ సంగతి చెప్పేశాను. మొదట నీ మీద మండిపడింది, తర్వాత నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. ఆ పూట ఇద్దరం ఉప్పు లేని కూర తిన్నాం, ఎవరూ గమనించలేదు.

అంతవరకూ బాగానే ఉంది. “మరి ఆ ప్లగ్గు ఎందుకు పెడుతున్నారు?” అనడిగింది. నువ్వు చెప్పిన మాటే చెబుదామని నోరు తెరిచాను. ‘ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు ఈ శ్రద్ధ’ అంటుందేమో, అక్కణ్ణుంచి తీగ లాగితే సినిమా డొంకంతా కదులుతుందేమో అనిపించింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

తిట్టకు. నీ దీవిలో కొలిచిన గాలీ వానా లెక్కలు ప్రతి బుధవారం మూడింటికి మన పెట్టె ద్వారానే పై ఆఫీసుకి వెళతాయని చెప్పాను. ప్లగ్గు తీస్తే నీ ఉద్యోగం పోతుందని కూడా అన్నాను.

చెవులు ఎర్రబడ్డాయా లేదా నాకు తెలియదు, మఫ్లర్ చుట్టుకున్నాను.

ఇక చూడు తమాషా. ప్లగ్గు పక్కన గోడకి బోర్డు: ‘ముట్టరాదు, తమ్ముడి ఉద్యోగం.’ మొన్న బుధవారం మూడింటికి నేనూ డ్యూటీ నుంచి ముందే వచ్చాను. మీ అక్క పెట్టె ముందు కుర్చీ వేసుకుని, టీ కప్పుతో, ఏదో రైలుకోసం చూస్తున్నట్టు కూర్చుంది. నేను దగ్గితే ‘ష్’ అంది. మూడవగానే పచ్చ దీపం వెలిగింది. ఆమె ముందుకి వంగి, మెల్లిగా, “జలుబు తగ్గిందా నాయనా?” అంది పెట్టెతో. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

అయితే బాబూ, పని జరుగుతోంది! తేదీ ముందుకొచ్చింది. ఇంకో రెండు మూడు బుధవారాల్లో పూర్తిగా అందుకుంటుందని తెరే చెబుతోంది. స్టాపులు పందొమ్మిది అయ్యాయి. నేను ఇంత ఆనందంగా ఉండి చాలా కాలమైంది. ఆ అబద్ధం ఒక్కటే గొంతులో ముల్లు.

నీ బావ

*

ఆగస్టు 14

బావా!

ఈ ఉత్తరం అందగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలెయ్. కాలెండర్ చూశావా? ఆగస్టు 31 బుధవారం! నువ్వు అందరినీ పిలిచింది మూడింటికే అని మా అమ్మ రాసింది. సరిగ్గా నీ సినిమా మొదలయ్యే నిమిషానికే చిన్నల్లుడు అప్‌డేట్‌కి లేస్తాడు! సెట్టింగుల్లోకి వెళ్లి బుధవారం తీసి గురువారం పెట్టు. లేదా సినిమా ఐదింటికి జరుపు. ఏదో ఒకటి చెయ్యి.

నా ఉద్యోగం సంగతి. మా పెద్దసారుకి చెబితే, “మీ అక్కగారి పెట్టె అంత నమ్మకమైనదైతే మన లెక్కలు నిజంగానే దాని ద్వారా పంపుదాం” అన్నాడు. దీవి దీవంతా నవ్వుతోంది. కానీ బావా, ఆ జలుబు మాట చదివాక నాకు నవ్వు రాలేదు. నిన్న మూడింటికి నాకు తెలియకుండానే గడియారం చూసి, ‘తగ్గిందక్కా’ అన్నాను పైకే. వాన డబ్బా తప్ప ఎవరూ వినలేదు. నిన్న బుధవారం కూడా కాదు.

నిజం చెప్పెయ్ ఆమెకి. సినిమాకి ముందే చెప్పు.

సముద్రం బాగా లేదు. పడవ ఎప్పుడు కదులుతుందో తెలియదు. ఈ ఉత్తరం వేళకి చేరాలని కోరుకుంటూ,

బావమరిది

*

సెప్టెంబరు 2

నాయనా బావమరిదీ,

నీ హెచ్చరిక నిన్న, అంటే ఒకటో తారీఖున అందింది. పెళ్లయిపోయాక బాజాలు. ఇక జరిగింది విను.

మీ అక్క ఆఖరి రోజు ఆఫ్ వద్దని పొద్దున షిఫ్టు తీసుకుంది. ఒంటిగంటకి బస్సు డిపోలో పెట్టి, దండతోనూ గోడగడియారంతోనూ ఇంటికొచ్చింది. హాలు నిండా జనం, ముప్పై మందికి పైనే. గడియారాలాయన, నర్సులు, నిద్రపోయే పొడుగాయన, అందరూ వంటింట్లో దాక్కుని బయటికొచ్చారు. మూడు కావస్తోంది. నేను గొంతు సవరించుకుని, “మీకో చిన్న సినిమా” అని పెట్టె దగ్గరికి నడిచాను.

మీ అక్క యూనిఫాంలోనే లేచొచ్చి నాకూ పెట్టెకీ మధ్య నిలబడింది.

“ఇవాళ ఏ వారం?” అంది.

“బుధవారం” అన్నాను.

“టైమెంత?”

“మూడు.”

“మా తమ్ముడి పని అయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఉద్యోగం పోతుందన్నది మీరేగా?”

అదే క్షణాన పచ్చ దీపం వెలిగింది. టీవీ మీద, ముప్పై మంది చూస్తుండగా, ‘అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి ఆపవద్దు.’ మేడ మీద పెద్దాయన, “మళ్లీ మొదలైందండీ” అని కుర్చీలో సర్దుకున్నాడు, నిద్రకి. ఇక దారి లేదు. అందరి ముందూ ఒప్పుకున్నాను. దీవి లెక్కలు అబద్ధం, ఉద్యోగం అబద్ధం, ఎప్పుడో ఓసారి వాడే యంత్రం కాబట్టి వారానికోసారి తనంతట తాను తాజా అవుతుంది, అంతే నిజం. ఇదంతా ఈ సినిమా కోసం, సినిమా ఆమె కోసం. మఫ్లర్ కూడా లేదు ఆ రోజు.

ఆమె అంతా విని, “అంటే స్పేర్ బస్సు అన్నమాట” అంది.

“ఏమిటి?”

“డిపోలో మూల నిలబెట్టిన బస్సుని వారానికోసారి స్టార్ట్ చేసి, ఓ చుట్టు తిప్పి పెట్టాలి. లేకపోతే అవసరమైన రోజున బ్యాటరీ పడిపోయి మొరాయిస్తుంది. ఇరవై ఆరేళ్లు చేశాను ఆ పని. ఈ ముక్క జూన్‌లో చెప్పుంటే ప్లగ్గు దగ్గర నేనే కాపలా ఉండేదాన్ని కదండీ!”

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులు ఆగేసరికి తెర మీద ‘పూర్తయింది’ అని పడింది. ఎంతసేపో తెలుసా? నాలుగు నిమిషాలు! గంటన్నర తిన్న చిన్నల్లుడు, నాలుగంటే నాలుగు నిమిషాల్లో లేచి చేతులు కడుక్కున్నాడు. నొక్కాను. రెప్పపాటులో మొదలైంది.

సినిమా గురించి ఎలా రాయను? ఫోన్‌ని డ్రైవర్ సీటు ఎత్తులో పెట్టి తీశాను, ఆమె రోజూ చూసే రోడ్డే. మొదటి మలుపు, స్కూలు గోడ, వర్షానికి నీళ్లు నిలిచే ఆ గుంట. ఏ స్టాపులోనూ జనం ఎక్కడం లేదు, నిలబడి చెయ్యి ఊపుతున్నారు. ఇన్నేళ్లూ వాళ్లని అద్దంలోనే చూసిందట, వాళ్లు తనని చూస్తున్నారని ఎప్పుడూ అనుకోలేదట. లైబ్రరీ స్టాపులో పొడుగాయన కళ్లు ఇంతింత చేసుకుని, “డ్రైవరమ్మా, ఇవాళ ఒక్కరోజు మెలకువగా ఉన్నాను” అన్నాడు. ఆమె నవ్వుతూనే ఏడ్చింది. ఇరవై ఒకటో స్టాపు ఆస్పత్రి. అక్కడ పనిముట్ల సంచీతో నేనొక్కణ్ణే ఉన్నాను. ఏదో చెబుదామని నిలబడి ఏమీ చెప్పలేక ఊరికే చెయ్యి ఊపాను. మా ఎక్స్‌రే మిత్రుడు అది కత్తిరించలేదు.

తెర ఆగిపోయింది. మీ అక్క, తనకి తెలియకుండానే, ఎడమచెయ్యి కిందికి చాచి లేని హ్యాండ్‌బ్రేకు లాగింది. నేను చూశాను.

చిన్నల్లుడి మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ప్లగ్గు అలాగే ఉంటుంది. మిగతావి మాత్రం పీకుతాను.

మీ అక్క ఇంకో స్వెట్టర్ పంపుతోంది.

నీ బావ

*

(స్వెట్టర్ జేబులో చీటీ)

బావతో అనకు. ఈసారి అన్నావంటే నీ చెవి మెలేస్తాను.

ఒరేయ్ చిన్నోడా, మొదటి బుధవారమే నాకు తెలుసురా. మీ బావ వంటింట్లో టీ కలుపుకుంటుంటే టీవీ వేసి చూశాను. ‘అప్‌డేట్ జరుగుతోంది’ అని ఇంత లావు అక్షరాలతో ఉంది. నాకు చదవడం రాదనుకున్నారా ఇద్దరూ? ఉక్కపోతలో మఫ్లర్ చుట్టుకున్న మనిషి అబద్ధం చెబుతున్నాడని తెలుసుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. ఏదో దాస్తున్నారని అర్థమైంది. ఆ రోజు అడ్డం నిలబడింది అందుకే, నలుగురిలో కక్కించాలని. నీ ఉద్యోగం మాట ఎత్తినందుకు ఆ మాత్రం శిక్ష పడాలి. సినిమా మాత్రం నాకు నిజంగా తెలియదురా. ఇంకా ఆ రోడ్డంతా కళ్లముందే ఉంది.

తెలిసీ మిగతా బుధవారాలు ఎందుకు కూర్చున్నావంటావేమో. బస్సులో ఉన్నన్నాళ్లూ నీ గురించి తీరిగ్గా అనుకోవడానికి ఓ వేళంటూ ఉండేది కాదు. ఇప్పుడు దొరికింది. పచ్చ దీపం వెలిగి ఆరేలోపు ఒక టీ, నాలుగు మాటలు. నీకు చేరవని తెలుసు, అయినా చెబుతున్నాను.

బోర్డు తీసెయ్యమన్నారు మీ బావ. తియ్యలేదు. కుర్చీ కూడా అక్కడే ఉంది, ఇప్పుడు ఆయనకి కూడా ఇంకోటి వేశాను.

జలుబు తగ్గిందా?

అక్క